పెట్టెకు పలక నేర్పిన వేళ్లు

కష్టకాలంలోనే కొత్త వస్తువులు పుడతాయని మా కాలేజీలో ఒక మాట బాగా చలామణీలో ఉంది. మార్కెట్లు పడిపోయి ఉద్యోగాలు ఊడినప్పుడే మనిషి బుర్రకు పదును పెడతాడట. మొన్న సెమినార్‌లో మా కామర్స్ శాఖ పెద్దాయన ఏసీ హాల్లో, జీడిపప్పు పళ్లెం దగ్గరికి లాక్కుంటూ ఇదే చెప్పారు. నేను లేచి, "ఉద్యోగం పోయిన మనిషిని ఒక్కరినైనా నెల రోజులు ఇంట్లో ఉంచుకుని చూశారా సార్?" అని అడిగాను. ఆయన నవ్వి, "మేడం ఎప్పుడూ ఇంతే" అన్నారు. నిజమే, నేనెప్పుడూ ఇంతే.

మా బంధువుల్లో నడిచే కథ దీనికి తలకిందులు. మా అక్క కూతురు హారికకు హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం పోయింది. పావుగంట ఫోన్లో మందగమనం అని చెప్పి, ఆ ఫోన్ పెట్టేలోపే లాప్‌టాప్‌కు తాళం వేసేశారు. తర్వాత కొన్నాళ్లకు ఆ పిల్ల హాస్టల్ స్నేహితురాలి ఊరైన మార్కాపురం వెళ్లి, ఆ స్నేహితురాలి తండ్రి పలకల షెడ్డులో కూర్చుంది. "మతి చెడి పలకలు తుడుస్తోంది" అని మా వాళ్లు గుసగుసలాడుకుంటారు.

ఈ రెండు కథలూ చెప్పేవాళ్లలో మార్కాపురం వెళ్లి చూసినవాళ్లు ఒక్కరూ లేరు. నేను వెళ్లి ఎనిమిది రోజులున్నాను. రెండు కథలూ తప్పే.

మార్కాపురం రోడ్

గుంటూరు నుంచి రైలు. వినుకొండ దాటాక కిటికీలో పచ్చదనం పలచబడి, దొనకొండ వచ్చేసరికి ఎర్రమట్టి, తుమ్మచెట్లు, కోసేసిన కంది మోళ్లు మిగిలాయి. నా ఎదుటి సీట్లో ఒకావిడ చింతపండు మూట కాళ్ల మధ్య పెట్టుకుని కూర్చుంది. మా వైపు రైల్లో పరిచయమైతే ముందు ఏం చేస్తుంటారని అడుగుతారు. ఈవిడ అలా అడగలేదు.

"ఎవరింటికి పోతన్నావమ్మా?"

"మా అక్క కూతురి దగ్గరికి. మార్కాపురంలో ఉంది."

"ఎవరికిచ్చినారు?"

"ఎవరికీ ఇవ్వలేదు. పలకల షెడ్డులో పని చేస్తోంది."

"ఇంకా నడుస్తన్నాయా అవి? మా మరిది షెడ్డు మూసేసి, ఆ రేకులమ్మి గొర్రెలు కొన్నాడు. గొర్రెలే నయమమ్మా. ఆర్డర్ల కోసరం ఎదురుచూడవు."

నవ్వుతూ కూర్చున్నదాన్ని స్టేషన్ వచ్చిందన్న సంగతి చూసుకోలేదు. కదులుతున్న రైల్లోంచి దిగాను, గొడుగు సీట్లోనే ఉండిపోయింది. ఆవిడ కిటికీలోంచి గొడుగు విసిరి, దాని వెనకే గుప్పెడు చింతపండు కూడా విసిరింది. గొడుగు దొరికింది. చింతపండు మాత్రం పట్టాల పాలైంది.

స్టేషన్ ఒకచోట, ఊరు ఇంకోచోట. ఆటోలో ఊళ్లోకి వచ్చేసరికి హారిక బస్టాండు దగ్గర నిలబడి ఉంది. జుట్టు నిండా బూడిదరంగు దుమ్ము, అరచేతులు గీసుకుపోయి ఉన్నాయి. రెండేళ్ల క్రితం నా దగ్గరికి వచ్చినప్పుడు ఈ పిల్ల గోళ్లకు ఎనిమిది రంగులుండేవి. ఏదో అనబోయాను. "ముందు తిను పిన్నీ, తర్వాత తిట్టు" అని బండి దగ్గరికి లాక్కెళ్లింది. ఉగ్గాని, బజ్జీ ప్లేటు ముప్పై రూపాయలు. నానబెట్టిన బొరుగులకు తాలింపు పెట్టి, పప్పులపొడి చల్లి ఇస్తారు. పక్కన మిరపకాయ బజ్జీ. గుంటూరు దాన్ని, నాకు కారం గురించి ఎవరో చెప్పాలా అని సగం కాయ కొరికాను. కళ్లలో నీళ్లు ఆగలేదు. బండి ఆవిడ మంచినీళ్లు ఇవ్వలేదు, చిటికెడు ఉప్పు ఇచ్చింది. "నీళ్లు తాగితే ఇంకా ఎక్కువైతాది అక్కా, ఉప్పు చప్పరించు" అంది. పని చేసింది. ఇంటికొచ్చాక మా ఆయన మీద కూడా ప్రయోగించాను.

శెట్టిగారి షెడ్డు

మర్నాడు శనివారం. ఊరి బయట రోడ్డుకు రెండు పక్కలా నల్లటి రాతి రేకులు పుస్తకాల్లా నిలబెట్టి ఉన్నాయి. సగం షెడ్లకు తాళాలు. బడిపిల్లల పలకలు ప్లాస్టిక్ వచ్చాక పోయాయి. ఆ తర్వాత ఇళ్ల పైకప్పులకు, గోడలకు వేసే రాతి పెంకులు విదేశాలకు వెళ్లేవి. అక్కడా ఇళ్లు కట్టడం తగ్గింది, ఇక్కడ పని తగ్గింది.

హారిక స్నేహితురాలి తండ్రి శెట్టిగారు యాభై ఏళ్ల మనిషి. పొద్దున తెల్లచొక్కాతో వస్తాడు, మధ్యాహ్నానికి అది బూడిదరంగుకు తిరుగుతుంది. నేను ఎకనామిక్స్ చెబుతానని తెలిసి కుర్చీ తుడిచి వేశాడు.

"పోయినసారి సరుకు పోయినాక ఫోటోలు వచ్చినాయి అక్కయ్యా. డబ్బులు రాలే. పగిలిన పెంకుల ఫోటోలు."

"ఎందుకు పగిలాయి?"

"పగుళ్లుండేవి లోపల్నే. కంటికి కనపడవు. కొట్టి చూసి ఏరాల. ఆరుగురు ఉండేవాళ్లు ఆ పనికి. పని లేక మీ గుంటూరు మిరప కళ్లాలకే పోయినారు. మిగిలింది రాహేలమ్మ ఒక్కతే. ఆమె చూసినవి ఒక్కటీ పగల్లే. తొందరలో లోడింగ్ వాళ్లు ఏరినవి పగిలినాయి. ఈ గురువారం పోయే సరుకు ఆఖరి అవకాశం అన్నాడు కొనేవాడు. బాగుంటే ఏడాది పని. లేకుంటే బీగమే."

రాహేలమ్మ మూలన పీట మీద కూర్చుని ఉంది. అరవైకి దగ్గర పడిన మనిషి. ఎడమచేతి రెండు వేళ్లతో పెంకు మూల పట్టుకుని గాల్లో వేలాడదీసి, కుడిచేత్తో ఉలి పిడి తిప్పి మూడుచోట్ల కొట్టి చూస్తుంది. మంచి రాయి చిన్న గంటలా మోగుతుంది. లోపల పగులున్నది టప్పుమని ఊరుకుంటుంది. కుడివైపు మంచివి, ఎడమవైపు పగుళ్లు. ఒక్కోదానికి ఊపిరి తీసుకున్నంత సేపు పట్టదు.

ఆ పని పంచుకోవడానికే హారిక పెట్టె చేసింది. పాత చెక్కపెట్టె, అడుగున మెత్తటి పరుపు ముక్క, ఒక చిన్న సుత్తి, అద్దం పగిలిన పాత ఫోను. పెంకును మెత్త మీద పెడితే సుత్తి పడుతుంది, ఫోను ఆ చప్పుడు వింటుంది, మంచిదైతే పచ్చ లైటు, పగులైతే ఎర్ర లైటు వెలుగుతుంది. మనిషి కొట్టి చూపించిన వందల చప్పుళ్లు విని, ఏది ఏదో తనంతట తాను పోల్చుకోవడం నేర్చుకుంటుందట.

"మా ఆఫీసులో ఇలాంటి పని ఎక్కడో దూరాన ఉన్న పెద్ద మెషీన్లకు పంపేవాళ్లం, గంటకింత అద్దె. ఇక్కడ నెట్ నిలవదు, నా దగ్గర అద్దెకు డబ్బుల్లేవు. అందుకని దాన్ని కుదించి కుదించి ఈ ఫోన్లో పట్టేలా చేశాను. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఇంత పొదుపుగా ఆలోచించనే లేదు పిన్నీ."

"అయితే మా పెద్దాయన చెప్పిందే నిజమన్నమాట. కష్టంలోనే బుర్ర పనిచేస్తుంది."

హారిక నా వైపు చూడలేదు. "నాలుగు నెలలు గోడ వైపు తిరిగి పడుకున్నాను. అమ్మ అన్నం పళ్లెం తలుపు దగ్గర పెట్టి వెళ్లేది. బుర్ర పనిచేసింది ఇక్కడికి వచ్చి, ఎవరికో నాతో పని పడ్డాక."

నేను మాట మార్చి, పెట్టె సరిగ్గా చెబుతోందా అని అడిగాను.

చిక్కేమిటంటే పెట్టె తప్పులు చెబుతోంది. రాహేలమ్మ పగులన్నవాటిలో సగానికి సగం పచ్చ లైటు వెలుగుతోంది. పెట్టెకు నేర్పింది కూడా రాహేలమ్మే. మూడు వారాలు పెంకులు మెత్త మీద పెట్టి, సుత్తి పడ్డ ప్రతిసారీ మంచిదో పగులో ఆమే చెప్పింది, హారిక నమోదు చేసింది. ఆమె చెప్పిందే నేర్చుకున్న పెట్టె ఆమెతోనే విభేదిస్తోంది. లోపం తన లెక్కల్లో ఉందని హారిక కళ్ల కింద నల్లచారలు తెచ్చుకుంది.

మధ్యాహ్నం టీ వస్తే రాహేలమ్మను వెనకనుంచి మూడుసార్లు పిలిచాను. తిరిగి చూడలేదు. "మీ పెద్దమ్మకు కాస్త పొగరే" అన్నాను హారికతో. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

త్రిపురాంతకం దాటాక

ఆదివారం రాహేలమ్మ మమ్మల్ని వాళ్ల ఊరికి భోజనానికి పిలిచింది. త్రిపురాంతకంలో బస్సు దిగి, పుల్లలచెరువు వైపు వెళ్లే ఆటో ఎక్కాం. వెళ్లేకొద్దీ నల్లమల కొండలు దగ్గరవుతూ వచ్చాయి, బోర్లు మాత్రం ఎండిపోయి కనిపించాయి. తాగే నీళ్ల డబ్బా పది రూపాయలు. మా ఇంట్లో చుట్టాలొస్తే ముందు చెంబుతో నీళ్లిచ్చి మర్యాద చేస్తాం. ఇక్కడ చిన్న గ్లాసుతో ఇచ్చి, తాగాక మళ్లీ పోస్తామంటారు. గ్లాసులో మిగిల్చి పారబోయడం మర్యాద కాదు. నేను అలవాటు కొద్దీ సగం తాగి పక్కన పెట్టాను. పక్కింటి ముసలావిడ ఆ సగం గ్లాసు తీసుకెళ్లి బీరపాదులో పోసి వచ్చింది. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

ముందు చర్చికి తీసుకెళ్లింది. నాలుగు గోడలు, రేకుల కప్పు, చాపలు. భజనలు వింటూ పెరిగినదాన్ని, డోలక్ వాయిస్తున్న తీరు మా భజనలాగే ఉందనుకున్నాను. రాహేలమ్మ డోలక్ పక్కనే గోడకానుకుని నిలబడి పాడుతోంది. గొంతు బాగుంది, కానీ ప్రతి చరణం ఒక్క లిప్త ఆలస్యంగా అందుకుంటోంది. ఎడమచేయి కిటికీ చెక్క మీద ఆనించి ఉంది. డోలక్ ఆగితే ఆగుతోంది. పాస్టరు గారి పెదాలను రెప్పవేయకుండా చూస్తోంది. ఒకసారి పక్కనున్నావిడ చెయ్యి అడ్డొచ్చి కిటికీ మీద నుంచి ఆమె చెయ్యి జారింది. రాహేలమ్మ పాట దారి తప్పింది.

అప్పుడర్థమైంది. ఈమెకు వినపడదు.

తిండి ఘనంగా పెట్టింది. సజ్జరొట్టె, కోడికూర, కొర్రన్నం. హారిక తిని బయట వేపచెట్టు కింద పిల్లలతో కూర్చుంది. నేను చేతులు కడుక్కుంటుంటే రాహేలమ్మ నా మొహంలోకి చూసి, నెమ్మదిగా అంది.

"నీకు తెలిసిపోయింది గదా."

"ఎప్పటినుంచి అక్కా?" గట్టిగా అరిచాను.

"అరవగాకు. పక్కింటోళ్లకు వినపడతాది. నాకు పడదు." గోడ మేకుకు వేలాడుతున్న పలక, బలపం తెచ్చి నా చేతిలో పెట్టింది. రోజూ ఆమె చదివే బైబిలు వాక్యం అంకె దాని మీద రాసుకుంటుంది. చీరకొంగుతో తుడిచి ఇచ్చింది.

నేను రాస్తాను, ఆమె మాట్లాడుతుంది. నా జీవితంలో ఇంత పొదుపుగా వాదించింది లేదు. నాలుగు ముక్కలకే పలక నిండిపోతుంది.

ఎప్పటినుంచి, అని రాశాను.

"రాయి కోసే మిషను పక్కన పదేండ్లు కూసున్నా. కొంచెం కొంచెం పోయింది. మూడేండ్లాయె మొత్తం పోయి."

మరి పెంకులు?

ఎడమచేతి రెండు వేళ్లు చూపించింది. "మంచి రాయి వణుకు ఈడికి వస్తాది, సీమ కుట్టినట్టు. పగులుంటే రాదు. చెవులున్నప్పుడు కూడా ఈటినే నమ్మినా."

పెట్టెకు ఎలా నేర్పావు?

కొంగు అంచు చుట్టుకుంటూ కూర్చుంది.

"మెత్త మీద పెట్టమనింది పాప. పెంకు పట్టుకోనీలే. పట్టుకోకుంటే నాకేం తెలుస్తాది? పాప మొగం చూసి చెప్పినా. సుత్తి పడినప్పుడు ఆయమ్మి మొగం విచ్చుకుంటే మంచిది అన్నా. ముడుచుకుంటే పగులు అన్నా."

మూడు వారాలు. రాళ్లంటే ఏమిటో తెలియని హారిక చప్పుడు విని ఏదో అనుకుంటుంది, అది మొహంలో కనపడుతుంది, ఈమె దాన్ని చదివి చెబుతుంది, ఈమె చెప్పింది కదా అని హారిక రాసుకుంటుంది. పెట్టె నేర్చుకున్నది రాహేలమ్మ పనితనం కాదు. మా పిల్ల మొహం. నవ్వొచ్చింది, ఆ వెనకే గురువారం వెళ్లాల్సిన సరుకు గుర్తొచ్చింది.

చెప్పెయ్యాలి, అని రాశాను.

"చెప్తే శెట్టి ఏమంటాడు? మోగించి చూసే పనికి చెవిటిదాన్ని పెట్టుకుంటాడా? నాకు వచ్చిన పని ఇదొకటే."

తుడిచి రాశాను: చెప్పకపోతే సరుకు పగులుతుంది. షెడ్డు మూస్తారు. అందరి పనీ పోతుంది, నీది కూడా. మళ్లీ తుడిచి ఇంకో నాలుగు వాక్యాలు ఇరికించి రాశాను. చదివి నిట్టూర్చింది.

"బలె రాస్తావమ్మా. నీ మొగుడు ఎట్ల బతుకుతన్నాడో."

అది నేనూ అడగాల్సిన ప్రశ్నే. చివరికి ఇలా రాశాను: నేను ఎవరికీ చెప్పను. నువ్వే చెప్పాలి.

ఆమె పలక నా చేతిలోంచి తీసుకుని, నెమ్మదిగా, ఒక్క అక్షరం మిగలకుండా తుడిచి మేకుకు తగిలించింది.

తిరుగు బస్సులో హారిక నా నుదురు ముట్టుకుని చూసింది. "ఒంట్లో బాగా లేదా పిన్నీ? గంటనుంచి ఒక్క మాట లేదు." తలనొప్పన్నాను. అబద్ధం కాదు. నోరు మూసుకుంటే నాకు తలనొప్పి వస్తుంది.

సోమవారం, మళ్లీ షెడ్డు

పదకొండింటికి హారిక పెట్టెను శెట్టిగారికి అప్పగించాలి. తొమ్మిదైంది, పదైంది. రాహేలమ్మ మూలన పీట మీద తన పని తాను చేసుకుపోతోంది. నేను రెండు టీలు తాగి, మూడోది తాగుతున్నట్టు నటించాను. నాలుక చివర మాట ఉంచుకుని కూర్చోవడం ఎంత కష్టమో నాలాంటి వాళ్లకే తెలుస్తుంది.

శెట్టిగారు వచ్చి పెట్టె ముందు నిలబడ్డాడు. హారిక స్విచ్ మీద చెయ్యి వేసింది. రాహేలమ్మ లేచి, కొంగు దులుపుకుని వచ్చి, పెట్టెలోంచి ఆ మెత్తటి పరుపు ముక్క లాగి పక్కన పడేసింది.

"పాపా, చెవులు మూసుకో."

"ఏంటి పెద్దమ్మా?"

రాహేలమ్మ కోత మిషను వాళ్లకోసం ఉంచిన దూది తెచ్చి, తనే ఆ పిల్ల చెవుల్లో కుక్కింది. ఒక పెంకు మూలను హారిక రెండు వేళ్ల మధ్య పెట్టి, ఉలి పిడితో కొట్టింది. ఇంకోటి పెట్టింది, కొట్టింది. మళ్లీ మొదటిది. హారిక మొహం ముడుచుకుంది, తర్వాత సడలింది, ఆ తర్వాత మరేదో అయింది. నిన్న నేను పలక పట్టుకుని కూర్చున్నప్పుడు నా మొహమూ అలాగే ఉండి ఉంటుంది. చెవుల్లో దూది తియ్యకుండానే హారిక ఆమె చేతులు పట్టుకుంది.

శెట్టిగారికి అర్థం కావడానికి ఇంకొంచెం పట్టింది.

"అంటే, నీకు వినపడదా రాహేలమ్మా?"

ఆమె అతని పెదాలు చూసింది. "పడదు నాయనా. పెట్టెకు గూడ పాప మొగం చూసే చెప్పినా."

"ఎన్నాళ్లాయె?"

"మూడేండ్లు."

ఎవరో కోత మిషను ఆపారు. షెడ్డు మొత్తం ఇటే చూస్తోంది.

"మూడేండ్లు," అన్నాడు శెట్టి. "అంటే నేను తిట్టినవి?"

"ఒక్కటీ వినలే నాయనా."

లోడింగ్ వాళ్లలో ఒకడు ఫక్కున నవ్వాడు, తర్వాత అందరూ నవ్వారు. శెట్టిగారు మాత్రం పెంకుల దొంతర మీద కూర్చుండిపోయాడు. కాసేపటికి, "గురువారం దాకా చూద్దాం" అన్నాడు. దేన్ని చూద్దామన్నాడో, పెట్టెనో, రాహేలమ్మనో, నాకు తెలియలేదు. అడగబోతే హారిక నా కాలు తొక్కింది.

గిద్దలూరు

చెవితో వినే పెట్టె కాదు, వేలితో వినే పెట్టె కావాలి. ఆ వణుకును పట్టే బిళ్ల తెప్పించాలంటే కొరియర్‌కు వారం. గిద్దలూరులో మస్తాన్ భాయ్ అని మైకుసెట్లు బాగుచేసే పెద్దాయన ఉన్నాడని శెట్టిగారు చెప్పాడు. మంగళవారం ముగ్గురం రైలెక్కాం. కంభం దాటుతుంటే రాహేలమ్మ కొండల వైపు వేలు చూపించి, అటు పెద్ద చెరువుందని, పెళ్లయిన కొత్తలో ఆయకట్టులో నాట్లకు వచ్చేదాన్నని చెప్పింది. "కప్పల మోతకు నిద్ర పట్టేది గాదు" అని, కిటికీ కడ్డీ పట్టుకుని, "అదొకటి గుర్తుండాది చెవుల్లో" అంది.

దిగేటప్పుడు నా చెప్పు తెగింది. స్టేషన్ బయట కుట్టించుకున్నాను, ఇరవై రూపాయలు. గుంటూరులో అయితే బేరమాడేదాన్ని. అతను కుట్టి, తనే తొడుక్కుని నాలుగడుగులు నడిచి చూసి ఇచ్చాడు. బేరానికి నోరు రాలేదు.

మస్తాన్ భాయ్ దుకాణంలో గుడి మైకు, మసీదు మైకు, చర్చి మైకు ఒకే బల్ల మీద పొట్టలు విప్పుకుని పడుకుని ఉన్నాయి. ఆయన హారిక చెప్పింది విని, పాత అలారం గడియారం విప్పి, రూపాయి బిళ్లంత పల్చటి ఇత్తడి రేకు తీశాడు.

"బజర్ బిళ్ల. కరెంటిస్తే అరుస్తాది. తట్టినామనుకో, అదే మనకు కరెంటిస్తాది. నీకు కావల్సింది ఇదే బేటీ. పది రూపాయలు."

"ఈ రోజుల్లో గిరాకీ ఎలా ఉంది భాయ్?" అన్నాను.

"మందం, మందం అంటన్నారు గదా మేడం. కొత్తవి కొనేవాళ్లు లేరు. పాతవన్నీ నా దగ్గరికే వస్తన్నాయి. అల్లా దయ, నాకిప్పుడే బాగుంది."

నా వాదనకు అడ్డం పడే మనిషి ఊరికొకరు తగులుతూనే ఉన్నారు.

రాహేలమ్మ బల్ల మీద పాడుతున్న స్పీకరు అట్ట మీద రెండు వేళ్లు ఆనించింది. "ఆడగొంతు," అంది. ఆడగొంతే. మస్తాన్ భాయ్ పాట మార్చాడు. "ఈడు మొగోడు. జలుబు చేసినట్టుంది." భాయ్ నవ్వు ఆపుకోలేక బల్ల పట్టుకున్నాడు. ఒకటి పాడైతే ఉంటుందని ఇంకో రెండు బిళ్లలు ఊరికే ఇచ్చి, ఆమెకు మాత్రం సలాం చేశాడు.

మెస్సులో భోజనం తొంభై రూపాయలు. అన్నం ఎంతైనా పెడతారు, పచ్చిపులుసైతే ఒకసారి అడిగితే చాలు, ఇంటికి పంపేలోపు మూడుసార్లు పోస్తారు.

గురువారం లారీ

బుధవారం పెట్టెను మళ్లీ బడిలో వేశాం. ఈసారి మెత్త లేదు. రాహేలమ్మ వేళ్లు ఎక్కడ పట్టుకుంటాయో ఆ పక్కనే బిళ్లను దారంతో పెంకుకు కట్టి, రెండు వేళ్లతో గాల్లో వేలాడదీసి, ఆమే కొట్టింది, ఆమే చెప్పింది. హారిక ఆమెకు వీపు పెట్టి కూర్చుంది, మొహం కనపడకుండా. ఆ దృశ్యం నేను మరిచిపోను. ఒకరు కొడుతున్నారు, ఒకరు రాస్తున్నారు, ఇద్దరి వీపులూ ఆనుకుని ఉన్నాయి.

దీపాలు పెట్టే వేళకు పెట్టె దారిలో పడింది. గురువారం పొద్దుటినుంచి సరుకు సగం ఆమె, సగం అది ఏరాయి. అది పచ్చ లైటు చూపించినవాటిని మధ్యమధ్య తీసి ఆమె వేళ్లకు ఇచ్చి చూశాం. ఒప్పుకుంటూ వచ్చింది. మధ్యాహ్నం ఒక పెంకు దగ్గర ఆగింది.

పెట్టె పచ్చగా వెలిగింది. హారిక వేళ్లకూ మంచిదే అనిపించింది. రాహేలమ్మ రెండుసార్లు కొట్టి, ఎడమవైపు పెట్టేసింది.

"ఏముంది పెద్దమ్మా అందులో?" హారిక ఆమె ఎదురుగా వచ్చి అడిగింది.

"ఏమో పాపా. రావాల్సినంత రాలే."

శెట్టిగారు ఉలి తీశాడు. "చీల్చి చూస్తే పోలా?"

"పలక నాయనా అది. చీలిస్తే మంచిది కూడా చీలుతాది. ఏం తెలుస్తాది?"

అందరూ శెట్టి వైపు చూశాం. పని ఎవరిదో తేలేది అక్కడే. ఆయన పెంకును అటూ ఇటూ తిప్పి, వెలుగుతున్న పచ్చ లైటును చూసి, రాహేలమ్మను చూశాడు.

"ఆమె వద్దనింది. లారీ ఎక్కదు. పెట్టె చూసినవి ఆమె మళ్లీ చూడాల, రోజుకు కొన్ని." తర్వాత ఆమె ఎదుట నిలబడి, పెదాలు బాగా కదిలిస్తూ, "సోమవారం రా" అన్నాడు.

రాహేలమ్మ తలూపి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మళ్లీ పీట మీద కూర్చుంది.

లారీ వెళ్లాక నేను శెట్టిగారిని పక్కకు పిలిచాను. పిలవకుండా ఉండలేను. "ఏడాదిలో పెట్టె ఆ మిగిలినదీ నేర్చేసుకుంటే అప్పుడేంటి?" ఆయన చొక్కా దులుపుకున్నాడు. "ఏడాది సంగతి ఏడాదికి చూద్దాం అక్కయ్యా." ఆయన తప్పించుకోలేదు. ఆయనకూ తెలియదు.

ఇంట్లో

లారీ ఎక్కని ఆ పెంకు అడిగి తెచ్చుకున్నాను. రాహేలమ్మ పాత చీర ముక్కలో చుట్టి ఇచ్చింది. మా అక్కకు ఫోన్ చేసి, నీ కూతురు పలకలు తుడవడం లేదు, మనుషుల దగ్గర పని నేర్చుకుంటోంది అని చెప్పాను. కామర్స్ పెద్దాయనకు చెప్పవలసింది చాలా ఉంది, సెలవులయ్యాక చెబుతాను. కష్టకాలం ఏదీ కనిపెట్టలేదు సార్. ఒక పిల్ల వీపు, ఒక ముసలామె వీపు ఆనుకుని కూర్చున్నాయి, అంతే జరిగింది.

సరుకు సముద్రం మీద ఉంది. అక్కడినుంచి కబురు రావడానికి ఇంకా రోజులు పడుతుంది. పెంకును మా డాబా మీద పిట్టగోడకు ఆనించి ఉంచాను. ఎండకు ఎండుతుంది, రేపు వానకు తడుస్తుంది, లోపల పగులుంటే ఎప్పటికైనా విచ్చుకుంటుంది. రోజూ బట్టలు ఆరేసేటప్పుడు రెండు వేళ్లతో మూల పట్టుకుని, గరిటె కాడతో కొట్టి చూస్తాను. నా చెవికి గంటలా మోగుతుంది. నా వేళ్లకూ ఏదో సన్నగా వస్తుంది, అది సరిపోయేంతో కాదో నాకెలా తెలుస్తుంది? రాయి మంచిదని ఎన్నాళ్లకైనా తేలితే పెట్టె గెలిచినట్టు, రాహేలమ్మ పీట ఖాళీ అయ్యే రోజు దగ్గర పడినట్టు. అందుకే రోజూ కొట్టి చూస్తూ, పగులే ఉండాలని కోరుకుంటున్నాను. మంచి రాయి పాడవ్వాలని కోరుకునే దాన్నయ్యాను. రావాల్సినంత రాలేదన్నావు కదా రాహేలక్కా, ఎంత రావాలి?